కడిగిన చౌడు

జ్ఞానమణవ్వకు కోపం వచ్చిందని తెలిసే గుర్తు ఒకటుంది. చెప్పులు విప్పి చేతికి తీసుకుంటుంది. ఎవరినో కొట్టడానికి కాదు, చెప్పులతో నడిస్తే వేగం చాలదని. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, ఎండకు కుక్కలు కూడా అరుగుల నీడన నాలుకలు చాపి పడుకున్న వేళ, అవ్వ ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో నున్నటి అట్ట పుస్తకం పట్టుకుని చర్చి వైపు పోతూ ఉంది. ట్రాక్టరు తోలే ఓబుళేశు తన అరుగు మీది నుంచే పలకరించాడు.

"ఏమక్కా, చెప్పులు చేతికొచ్చినాయి? ఎవురికి మూడింది?"

"రెండు దేశాలకు," అంది అవ్వ, ఆగకుండా.

ఓబుళేశు పగలబడి నవ్వాడు గానీ, అవ్వ అన్నది నిజమే. ఆ పుస్తకం అట్ట మీద రెండు దేశాల జెండాలున్నాయి. ఒకటి మనది. రెండోది యూరప్‌లో ఏదో చలి దేశానిది. ఆ రెండూ చేతులు కలిపి, డబ్బులు కలిపి, మూడేండ్లు పరిశోధన చేసి, చివరికి తెలుగులో కూడా అచ్చు వేసి తెల్లదిన్నె ఊరికి పంపిన నివేదిక అది. అవ్వ మూడో తరగతి వరకే చదివింది. అయినా బైబిలు మొత్తం నాలుగు సార్లు చదివిన కళ్లు అవి. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, పద్నాలుగో పేజీ దాకా వచ్చింది. అక్కడ ఇలా ఉంది: "తెల్లదిన్నె చౌడు మట్టికి నీటిని ఆపే ప్రత్యేక గుణం ఏదీ కనిపించలేదు."

ఈ వాక్యం చదివిన చోటే అవ్వ చెప్పులు విప్పింది.

చౌడు అంటే అవ్వకు ఏమిటో తెలియాలంటే ముందు ఆమె నాలుక సంగతి తెలియాలి. బనగానపల్లె పక్క ఊళ్లలో పాత ఇండ్లన్నీ మట్టి మిద్దెలే. దూలాల మీద నాపరాళ్లు పరిచి, పైన మట్టి తొక్కి, ఆ పైన ఏటేటా ఎండాకాలంలో చౌడు పరుస్తారు. కుందూ నదికి పోయే దారిలో చౌడుదిన్నె ఉంది. చలికాలం పోయి ఎండ ముదిరితే అక్కడ నేల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. ఆ పైమట్టిని గీకి తెచ్చి మిద్దె మీద వేస్తే, మొదటి వానకే మెత్తబడి, సందులన్నీ మూసుకుని, ఆ తర్వాత చుక్క దిగనివ్వదు. కానీ దిన్నె మీది మట్టంతా ఒకటి కాదు. ఒక చోట ఉప్పు ఎక్కువ, ఒక చోట ఇసుక ఎక్కువ. ఏది తవ్వాలో చెప్పేది జ్ఞానమణవ్వ. చిటికెడు తీసి నాలుక కొసన పెట్టుకుంటుంది. ముందు ఉప్పగా తగలాలి, తర్వాత సోడాలా గిల్లాలి, చివర సబ్బులా జారాలి. మూడూ ఉంటే "తవ్వండి" అంటుంది. ఒకటి తగ్గినా తుపుక్కున ఉమ్మి నాలుగు అడుగులు పక్కకు జరుగుతుంది.

ఇంట్లో మనుమలకు ఈ నాలుక మీద నమ్మకం ఉండేది కాదు. ఒకసారి పెరటి మట్టిలో తినే సోడా కలిపి, చౌడుదిన్నె నుంచి తెచ్చామని చేతిలో పెట్టారు. అవ్వ నాకింది, కళ్లు మూసుకుంది. "సోడా కలిపినారు. అది కూడా మా కోడలు కృపారాణి డబ్బాలోది. తేమ పట్టి పాడైపోయింది, పారెయ్యమని చెప్పండి," అంది. ఆ డబ్బా నిజంగానే తేమ పట్టి ఉంది. ఆ పూట ఇంట్లో తన్నులు తిన్నది మనుమలు, మెచ్చుకోలు తిన్నది నాలుక.

పెండ్లయి ఈ ఊరికి వచ్చిన ఏడే అత్తతో కలిసి చర్చి మిద్దెకు చౌడు వేసింది అవ్వ. అప్పుడు పంతొమ్మిదేండ్లు. ఇప్పుడు డెబ్బై ఒకటి. ఈ యాభై రెండేండ్లలో ఒక్క ఏడూ తప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా గంప ఎత్తకుండా, కింద నిలబడి నాలుక ఒక్కటి పనికి పెట్టింది. పాత దొరల కాలం నాటి చర్చి అది. నాపరాతి గోడలు, మద్ది దూలాలు. మే నెలలో బయట నిప్పులు కురుస్తున్నా లోపల కూర్చుంటే కుండ నీళ్ల పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. చర్చికి కానుకల పట్టీలో అవ్వ పేరు పక్కన ఎప్పుడూ సున్నానే. కానీ నెత్తి మీద మిద్దె ఆమెది.

అలాంటి చోటికి, మూడేండ్ల కిందట, తెల్ల కారు ఒకటి వచ్చింది. అందులో నుంచి ముగ్గురు దిగారు. విశ్వవిద్యాలయం ప్రొఫెసరు శివశంకర్ సార్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న రాయచోటి పిల్ల శ్రావణి, పొడుగాటి టోపీ పెట్టుకున్న విదేశీ ప్రొఫెసరమ్మ. సిమెంటు లేకుండా ఎండనూ వాననూ ఆపే కొత్త రకం పైపూత తయారు చేయడం వాళ్ల పని అట. దానికి చౌడు పనికొస్తుందేమో చూడాలట. రెండు దేశాల ప్రభుత్వాలూ నిధులిస్తున్నాయని, ప్రపంచమంతా ఈ మట్టి గురించి మాట్లాడుకుంటుందని సార్ అరగంట చెప్పాడు. అవ్వ అంతా విని, "మీకు ఎన్ని గంపలు గావాల?" అని అడిగింది.

దిన్నె మీదికి తీసుకుపోయింది. చిటికెడు తీసి నాకి చూపించింది. విదేశీ ప్రొఫెసరమ్మ ముచ్చటపడి తానూ నాకబోతే శివశంకర్ సార్ గాభరాగా అడ్డం పడ్డాడు. "ఆరోగ్య భద్రత నిబంధన ఉంది మేడమ్," అన్నాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. నాలుక పని మాత్రం వీడియో తీశారు. మూడు గోతాలు నింపారు. తర్వాత చర్చి మిద్దె ఎక్కి, యాభై ఏండ్ల చౌడు పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయో చూడాలని, తూర్పు పిట్టగోడ దగ్గర ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పున చదరంగా కోసి, ఆ ముక్కను గాజు పెట్టెలో పెట్టుకుని పోయారు. రంధ్రం మీద పట్టా కప్పారు.

"మళ్లీ పూడుస్తారా?" అని అవ్వ అడిగింది.

"మా ఒప్పందంలోనే ఉంది అవ్వా," అంది శ్రావణి. "తీసుకున్నదాంట్లో వాడగా మిగిలింది మళ్లా ఊరికే తిరిగి ఇయ్యాల. లేకుంటే నిధులు ఆపేస్తారు."

ఆ మాట అవ్వకు శానా నచ్చింది. మర్యాద గల మనుషులని నలుగురికీ చెప్పింది కూడా.

రెండు వానాకాలాలు ఆ చదరం పట్టా కిందే గడిపింది. అన్న మాట ప్రకారమే, పోయినేడు మిద్దెకు చౌడు వేయడం అయ్యాక, వానల ముందు వచ్చారు. ఈసారి పెద్ద హడావిడి. ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద సీలు, విమానం చీటీలు. శివశంకర్ సార్ చేతులకు తొడుగులు వేసుకుని, ఆ డబ్బాలో మట్టిని స్వయంగా చదరంలో పోసి, నీళ్లు చల్లి, అదిమి, కెమెరా వైపు చూసి నవ్వాడు. "మీ మట్టే అవ్వా. విమానం ఎక్కి, దేశాలు తిరిగి మళ్లీ ఇల్లు చేరింది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ కూడా కొట్టింది.

యాభై ఏండ్లలో ఆమె చేసిన తప్పు ఆ ఒక్కటే. ఆ మట్టిని నాకి చూడలేదు. తన గోతంలో నుంచి పోయిన మట్టే కదా, తన బిడ్డ ఇంటికి వస్తే నువ్వు ఎవరని అడుగుతామా అనుకుంది.

ఆ వానాకాలంలో చర్చి కారింది. ఒకటి కాదు, మూడు ఆదివారాలు. సరిగ్గా వేదిక మీద, పాస్టరు జోసెఫ్ అయ్యగారు నిలబడే చోట. మొదటి వారం బైబిలు తడిసింది. రెండో వారం అయ్యగారి తెల్ల జుబ్బా మీద ఎర్రమట్టి చారలు పడ్డాయి. మూడో వారం ఆయన గొడుగు కింద ప్రసంగం చేశాడు. పిల్లలకు ఆ ప్రసంగం మాత్రం బాగా గుర్తుంది.

అవ్వ మిద్దె ఎక్కి అంతా వెతికింది. వేదికకు సరిగ్గా పైన పొర చెక్కు చెదరలేదు. ఎక్కడా బీట లేదు, గుంత లేదు. మరి ఎందుకు కారింది? ఆ ఏడు చౌడు ఎంచింది తనే. అంటే నాలుక పోయిందా? డెబ్బై వచ్చింది. కళ్లు మసకబారినట్టే నాలుక కూడా మసకబారుతుందేమో. ఆ అనుమానం ఎవరికీ చెప్పలేదు. కానీ అప్పటి నుంచి చారులో ఉప్పు సరిపోయిందా అని కోడలు అడిగితే, "నువ్వే చూడు," అని పక్కకు పోయేది. ఉప్పు గురించి అవ్వ ఇంకొకరిని అడగడం ఆ ఇంట్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

ఇప్పుడు ఆ అనుమానాన్నే అచ్చేసి, రెండు జెండాలు వేసి చేతిలో పెట్టారు.

ఎండలో చర్చి చేరేసరికి అయ్యగారు ఒక మనిషితో కొలతలు తీయిస్తున్నాడు. అవ్వ చెప్పులు కింద పడేసింది.

"ఏంది అయ్యగారూ ఈ కొలతలు?"

"రేకులకమ్మా," అన్నాడు జోసెఫ్ అయ్యగారు, కొంచెం ఇబ్బందిగా. "కమిటీ తీర్మానం చేసింది. మిద్దె దించేసి ఇనుప రేకులు వేస్తాం. వచ్చే వారం పని మొదలు. ఈ ఏడు చౌడు వేయొద్దు."

"రేకులా? మే నెలలో రేకుల కింద కూకుంటే ప్రార్థన చేస్తారా, వేగిపోతారా?"

"ఫ్యాన్లు పెడతామమ్మా. నాకూ ఇష్టం లేదు. కానీ పోయినేడు కారింది నిజం. ఇప్పుడు ఇంత పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు మట్టిలో ఏమీ లేదని రాసినారు. కమిటీలో కుర్రోళ్లు ఆ పేజీ ఫోటో తీసి అందరికీ పంపినారు. నేనేం చెప్పాలి?"

"యాభై రెండేండ్లు కారలేదని చెప్పండి."

"అదీ చెప్పినా. 'అప్పుడు అవ్వ నాలుక బాగుండె' అన్నారు."

ఇంకే మాటన్నా అని ఉంటే అవ్వకు చెప్పు కాళ్ల దగ్గరే ఉంది. కానీ తను లోపల అనుకున్న మాటే ఊరంతా బయటికి అంటే దేంతో కొడతాం? పుస్తకం తెరిచి వెనక పేజీ చూపించింది. అక్కడ ఆమె నాకుతున్న ఫోటో ఉంది. కింద "స్థానిక కూలీ (మహిళ)" అని రాశారు.

"పేరన్నా రాయలేదు సూడండి," అంది. అంతే. చెప్పులు వేసుకుని నెమ్మదిగా ఇంటికి పోయింది. ఆ నడక చూసి ఓబుళేశు ఈసారి నవ్వలేదు.

నాలుగు రోజులకు శ్రావణి వచ్చింది. మరుసటి రోజు చర్చిలోనే ప్రాజెక్టు ముగింపు సభ. అవ్వకు శాలువా కప్పుతారట. విదేశీ ప్రొఫెసరమ్మ అక్కడి నుంచి తెర మీద కనిపించి మాట్లాడుతుందట. ఆ సంగతులు చెప్పడానికి వచ్చిన పిల్లకు అవ్వ మజ్జిగ ఇచ్చింది. ఇచ్చాక తిట్టింది. మజ్జిగ ఇవ్వకుండా తిడితే అది మర్యాద కాదు.

"ఏం పాపా, నా మట్టిలో ఏమీ లేదా?"

శ్రావణి గ్లాసు కింద పెట్టింది. "అవ్వా, నాకూ బాధగానే ఉండాది. మేం ఏం తక్కువ చేయలేదు. రెండు ల్యాబుల్లోనూ ఒకే పద్ధతిలో చేసినాం. కావాలంటే చూడు." ఫోను తీసి వీడియో పెట్టింది. తెల్లటి గది. గాజు పాత్రలో అవ్వ మట్టి. తొడుగులు వేసుకున్న రెండు చేతులు ఏవో మందునీళ్లు పోశాయి. మట్టి బుసబుసా పొంగింది. ఆ నీళ్లు వంచేసి మంచినీళ్లు పోశాయి. కలిపాయి. వంచాయి. మళ్లీ పోశాయి.

అవ్వ ముందుకు వంగింది. "ఏం చేస్తాండారు అది?"

"శుభ్రం చేస్తాండామవ్వా. మట్టిలో ఉప్పులూ గిప్పులూ ఉంటే ఫలితం తేడా వస్తాది. అందుకే ముందు ఆమ్లంతో, తర్వాత నీళ్లతో కడుగుతాం. పదకొండు సార్లు కడిగినాం. చివర నీళ్లు తేటగా వచ్చేదాకా."

"కడిగినారా?"

"ఊఁ."

"సౌడును కడిగినారా?"

ఆ గొంతుకు పక్కింటి మేక కూడా లేచి నిలబడింది.

"ఆ చేతులు ఎవురివి పాపా?"

శ్రావణి తలవంచుకుంది. "నావే."

"కూరలో ఏసే ముందు మీ ఇంట్లో ఉప్పును కడుగుతారా? పదకొండు సార్లు? కడిగి, ఉప్పు లేని ఉప్పును నోట్లో ఏసుకుని, అయ్యో దీంట్లో ఉప్పు లేదే అని పుస్తకం రాస్తారా? దాంట్లో ఉండే పని చేసేదే అది గదే! అది పోతే మిగిలేది మన్ను. వట్టి మన్ను. మా ఇంటి ముందర మన్నుకూ దానికీ తేడా ఏముండాది?"

శ్రావణి చదువుకున్న పిల్ల, తెలివైన పిల్ల. ముఖంలో రంగు మారడం చూస్తే, మూడేండ్ల చదువు ఒక్కసారి లోపల తలకిందులైందని తెలుస్తూనే ఉంది. "అవ్వా," అంది మెల్లగా, "మట్టి అనగానే ముందు కడగాలనే మాకు నేర్పినారు. ఈ మట్టికి ఆ సోడియం ఉప్పే గదా సందులు మూసేది... నేను చదివినా కూడా. చదివినా, కడిగినా."

అవ్వకు ఆ సోడియం తెలియదు. కానీ ఆమెకు ఇంకో సంగతి తట్టింది. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది.

"పాపా, ఆ తెల్ల డబ్బా. మిద్దె మీద సార్ పోసినది. అది కూడా ఈ కడిగిందేనా?"

"అదేనవ్వా. పరీక్షకు వాడగా మిగిలిందే తిరిగి తెచ్చినాం."

అవ్వ లేచింది. మూలన గోతంలో దాచుకున్న నిరుటి చౌడు చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఉప్పు. గిల్లుడు. జారుడు. మూడూ వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, ఎప్పటి లాగే. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. ఉప్పు ఎక్కువై వచ్చిన నీళ్లని ఆమె చెబుతుంది. అలాగే అనుకుందాం.

"నా నాలుక బాగానే ఉండాది," అంది. తర్వాత వీధిలోకి తిరిగి కేకేసింది. "ఓబుళేశూ! రేపు నీ ట్యాంకరు గావాల!"

ఓబుళేశు పరుగున వచ్చి, సంగతి విని, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మే నెలలో నీళ్లు తీసకపోయి మిద్దెకు పోస్తావా అక్కా? జనాలు తాగనీకి లేక అల్లాడుతాంటే? నన్ను తంతారు."

"తాగే నీళ్లు కాదప్పా. నాపరాయి గని గుంతలో ఉండాయి గదా, బర్రెలు పండుకునే నీళ్లు. అవి తీసుకురా. దేవుని మిద్దెకు బర్రె నీళ్లు పనికిరావని దేవుడేమీ అనడు."

మరుసటి రోజు సభ. చర్చి గోడకు రెండు జెండాల ఫ్లెక్సీ కట్టారు. వేదిక మీద బల్ల, దాని మీద కంప్యూటరు తెర. తెరలో విదేశీ ప్రొఫెసరమ్మ, వెనక కిటికీలో చలి దేశపు బూడిద వెలుతురు. శివశంకర్ సార్ ఇస్త్రీ చొక్కాలో మాట్లాడుతున్నాడు. ఫలితం ఏదైనా సహకారం గొప్పదనీ, తర్వాతి విడత నిధులకు వేరే పదార్థం ఎంచుకున్నామనీ, తెల్లదిన్నె ప్రజలకు కృతజ్ఞతలనీ. చివర శాలువా విప్పి, "అవ్వా, రండి," అన్నాడు.

అవ్వ వెళ్లింది. శాలువా కప్పుకోలేదు, చేతిలోకి తీసుకుంది.

"సార్, ఒక మాట. ఈ మిద్దెకు ఈ ఏడు సౌడు వేయలేదు. పోయినేటిదే ఉండాది. ఇప్పుడు మిద్దె నిండా నీళ్లు పోస్తా. మీరూ అయ్యగారూ ఆడ, పోయినేడు కారిన చోట నిలబడండి. కారితే రేకులు వేసుకోండి, నేను మారు మాట్లాడను. రేకులు నేనే మోస్తా."

"ఇప్పుడా? కార్యక్రమం ఉంది కదమ్మా," అన్నాడు సార్.

"నిలబడండి సార్," అన్నాడు జోసెఫ్ అయ్యగారు ఉన్నట్టుండి. గొడుగు కింద ప్రసంగం చేసిన మనిషి. ఆయనకూ తెలుసుకోవాలని ఉంది. "నేనూ నిలబడతాను."

తెరలో ప్రొఫెసరమ్మ ఏదో అడిగింది. శ్రావణి ఆమెకు చెప్పింది. ఆమె తన కుర్చీ ముందుకు లాక్కుంది.

అవ్వ రాతి మెట్లు ఎక్కింది. ఓబుళేశు పైపు అందించాడు. కాసేపటికి లోపలి వాళ్లకు పైన నీళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత పిట్టగోడ గొట్టం నుంచి వీధిలోకి ధారగా పడే చప్పుడు, దాని కింద పిల్లల కేకలు. పావుగంట పోశారు. లోపల యాభై మంది తలలు పైకెత్తి చూస్తూ కూర్చున్నారు. కమిటీ కుర్రాళ్లు ఫోన్లు పైకి తిప్పి పట్టుకున్నారు. శివశంకర్ సార్ వాచీ చూసుకున్నాడు. చుక్క పడలేదు.

మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాక్షి ఉంది. దాని మీది మూత జరిగింది. పై నుంచి గొంతు దిగింది.

"అయ్యగారూ! కారిందా?"

చర్చిలో నెత్తి మీది నుంచి గొంతు వస్తే ఎవరికైనా ఒక్క క్షణం గుండె ఆగుతుంది. అయ్యగారు రెండు చేతులూ జోడించబోయి, తమాయించుకున్నాడు. "లేదమ్మా!"

"ఎవురన్నా తడిసినారా?"

"లేదు!"

"ఇంతసేపూ ఒక్క చోట మాత్రం పోయలేదు. చుట్టూ అడ్డం కట్టినా. సార్ తొడుగులేసుకుని పూడ్చినాడే, ఆ చదరం. కింద ఉండే మీకూ దానికీ ఎనిమిది అడుగుల దూరం. ఇప్పుడు దాని మీద రెండంటే రెండు బిందెలు పోస్తాండా. కదలొద్దు!"

నీళ్లు పోసిన చప్పుడు. అందరూ ఎదురుచూశారు. తూర్పు గోడ దగ్గర దూలం మొదట్లో ఒక చిన్న నల్ల మరక కనిపించింది. అది పెద్దదైంది. దూలం వెంబడి చీమల బారులా ముందుకు పాకింది, పాకింది, ఎనిమిది అడుగులూ పాకి, వేదిక పైన దూలంలో ఉన్న పాత ముడి దగ్గర ఆగింది. అక్కడ బొట్టు కట్టింది. ఆ బొట్టు శివశంకర్ సార్ నడినెత్తి మీద పడింది. రెండోది చొక్కా మీద. మూడోది బల్ల మీది నివేదిక మీద, సరిగ్గా జెండాల మధ్య. బర్రెలు పండుకునే గుంత నీళ్లు కాబట్టి వాసన కూడా వచ్చింది.

అవ్వ కిందికి దిగి వచ్చేసరికి సార్ రుమాలుతో తల తుడుచుకుంటున్నాడు. ఆమె అరవలేదు. అరవకపోవడం ఇంకా భయంగా ఉంది.

"మీరు పూడ్చిన చోట కారింది. నేను ఏసిన చోట కారలేదు. కడిగినారు గదా సార్, అందుకని."

"కడగడం... అది ఉమ్మడి పద్ధతి," అన్నాడు సార్. "వాళ్ల ల్యాబు అడిగింది."

తెరలో ప్రొఫెసరమ్మ గబగబా ఏదో అంది. శ్రావణి తెలుగులో చెప్పింది. "మొదటి పత్రంలో కడగాలని రాసింది మన వైపే అంటాంది అవ్వా. రెండు చోట్లా ఫలితం ఒకటిగా రావాలని వాళ్లూ ఒప్పుకున్నారంట."

"రెండు చోట్లా ఒకటే తప్పు చేస్తే ఒకటే ఫలితం రాదా మరి!"

ప్రొఫెసరమ్మ మళ్లీ అడిగింది. ఈసారి శ్రావణి కొంచెం తటపటాయించింది. "కడగొద్దని నువ్వు ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాంది. మా పత్రంలో 'ఎట్ల వాడతారు' అనే గడి ఉండె, 'ఏం చేయకూడదు' అనే గడి లేదు అంటాంది."

"గడి లేకుంటే నోరు లేదా? మూడు గోతాలు తీసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు, నా నాలుకను సినిమా తీసినారు. ఒక్క ఫోను చేసి, 'అవ్వా, కడుగుతాండాం' అని చెప్పుంటే ఈ డబ్బులు, ఈ విమానాలు, ఈ తిప్పలు ఉండునా? ఆ యమ్మ ఆ పొద్దు నాకి చూస్తానంటే సార్ వద్దన్నాడు. నాకి ఉంటే ఆమెకే తెలిసేది, ఇది కడిగే వస్తువు కాదని!"

శ్రావణి ఆ మాటను ఎలా చెప్పిందో గానీ, ప్రొఫెసరమ్మ చాలాసేపు తల ఊపింది. నివేదిక సరిచేస్తామంది. దానికి రెండు దేశాల సంతకాలు కావాలి, ప్రాజెక్టు కాలం ముగిసింది కాబట్టి ప్రత్యేక అనుమతి కావాలి, ఆరు నెలలు పట్టవచ్చంది.

"తప్పు రాయనీకి ఎవురి అనుమతి గావాల్సి వచ్చింది?" అంది అవ్వ.

జోసెఫ్ అయ్యగారు కమిటీ తీర్మానం పుస్తకం తెరిచాడు. రేకుల పేజీ మీద అడ్డంగా గీత గీసి, కింద సంతకం పెట్టాడు. కుర్రాళ్ల వీడియో అప్పటికే ఊరు దాటిపోయింది.

సార్ కారు వైపు జరుగుతుంటే అవ్వ ఆపింది.

"యాడికి పోతాండావప్పా? చదరం ఎవురు పూడ్చినారు?"

ప్రొఫెసర్ శివశంకర్ చొక్కా చేతులు మడిచి మిద్దె ఎక్కాడు. తన మట్టిని తనే తాపీతో తవ్వి తీశాడు, ఈసారి తొడుగులు లేకుండా. శ్రావణి మంచి చౌడు గంప పైకి మోసింది. అవ్వ తవ్విన మట్టిలో నుంచి చిటికెడు తీసి, ఏడాది ఆలస్యంగా, నాలుక మీద పెట్టుకుంది. తుపుక్కున ఉమ్మింది.

"సచ్చిన రుచి. జరమొచ్చిన నోటికి కూడా ఇంతకంటే ఎక్కువ తగులుతాది." తర్వాత గంపలో నుంచి కొంచెం తీసి సార్ ముందు పట్టింది. "ఇది చూడు."

సార్ ఒకసారి శ్రావణి వైపు, ఒకసారి కింద గుమిగూడిన జనం వైపు చూశాడు. నిబంధన గుర్తు చేసేవాళ్లు ఎవరూ లేరు. నాలుక కొసన పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. మెల్లగా, "సబ్బులాగా జారుతుంది," అన్నాడు.

"ఆఁ. దాన్నే మీరు పదకొండు సార్లు కడిగినారు."

కొత్త చౌడు అదిమి, నీళ్లు చల్లి, చేత్తో నున్నగా రాశాక అవ్వ శాలువా పరిచింది. జరీ అంచు ఉన్న మంచి శాలువా. దాంట్లోకి కడిగిన మట్టిని ఒక్క పలుకు మిగలకుండా ఎత్తి, నాలుగు కొసలూ గట్టిగా ముడేసి, శ్రావణి చేతుల్లో పెట్టింది.

"తీసుకున్నదాంట్లో మిగిలింది తిరిగి ఇయ్యాలని మీ ఒప్పందంలో ఉండాది గదా పాపా. ఇది నాది కాదు. మీది. విమానం ఎక్కించి పంపు. దాని మీద చీటీ రాసి అంటించు. ఇది తెల్లదిన్నె సౌడు కాదని రాయి. చెప్పినది జ్ఞానమణి అని కింద పేరు కూడా రాయి. స్థానిక కూలీ అని కాదు."

శ్రావణి అక్కడే, పిట్టగోడ మీద కాగితం పెట్టి రాసింది. రాసినదాన్ని అవ్వ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. తన పేరులో ణ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు మిద్దె దిగింది.